ఆయన కథ, ఆమె కలం: ఒంగోలు మిషనరీ దంపతుల పుస్తకం

ఒంగోలుకు దగ్గరలో గుండ్లకమ్మ నది ఒడ్డున 1878 జులై 3న ఒక్కరోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను గురించి రాసినవారు ఈ అంకెను ఉదహరించకుండా వదలరు. అంకె ప్రసిద్ధికెక్కిన కొద్దీ దానికి ముందూ వెనకా గడిచిన మామూలు రోజులు మరుగున పడ్డాయి. పరాయి దేశంలో, పరాయి భాషలో దశాబ్దాల తరబడి ఒకే ఊళ్ళో కాపురం చేసిన మిషనరీ దంపతులు పొద్దున లేచింది మొదలు ఏం చేసేవారు, ఎవరితో మాట్లాడేవారు, వయసు మీద పడ్డాక వారి పని ఎలా మారింది అనే ప్రశ్నలకు మిషను నివేదికల్లో జవాబు దొరకడం కష్టం. నివేదిక ఉద్దేశం వేరు. అది సముద్రానికి అవతల చందాలిచ్చే సంఘాలకు పంపే జమాఖర్చు.

ఆ జవాబును వెతకదగిన పుస్తకం ఒకటుంది. జాన్ ఎవరెట్ క్లౌ పేరుతో 1914లో న్యూయార్క్‌లో మాక్మిలన్ సంస్థ ప్రచురించిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. సామూహిక మతాంతరీకరణ మీద పనిచేసేవారికి అది ఆధారగ్రంథం. విశ్వాసులకు ఒక మహాపురుషుడి జీవితచరిత్ర. ఒక వృద్ధ మిషనరీ చెబుతుండగా ఆయన భార్య రాసిన ఇంటి పుస్తకంగా దాన్ని చదివితే, ఈ రెండు పఠనాల్లోనూ జారిపోయిన సంగతులు బయటపడతాయి. పుస్తకంలో ‘నేను’ అని పలికే గొంతు ఒకరిది. వాక్యం మరొకరిది. ఆ ఇద్దరి వెనక ఉన్న జ్ఞాపకంలో పెద్ద భాగం తెలుగులో మాట్లాడిన మాదిగ పెద్దలది. ఈ మూడు పొరలనూ విడదీయకుండా పుస్తకానికి విలువ కట్టడం సాధ్యం కాదు.

ముఖపత్రం మీద రెండు పేర్లు

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యౌవనంలో మిన్నెసోటాలో భూమి సర్వే పని చేశాడు. 1864 నవంబరు చివర భార్య హారియట్‌తో కలిసి బోస్టన్‌లో ఓడ ఎక్కి, మరుసటి ఏడు నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. 1893లో హారియట్ మరణించింది. మరుసటి ఏడాది ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహం చేసుకున్నాడు. అప్పటికి ఆయన 60కి దగ్గర పడుతున్నాడు. ఆమె ఆయన కన్నా ఇరవై ఏళ్ళకు పైగా చిన్నది. 1910లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. పుస్తకం ఆ తరవాత నాలుగేళ్ళకు వెలువడింది.

ఎమ్మా కేవలం మిషనరీ భార్య కాదు. పెళ్ళికి చాలా ముందే, 1882లో, ఆమె స్వయంగా మిషనరీగా తెలుగు ప్రాంతానికి వచ్చింది. స్త్రీల హక్కుల ఉద్యమానికి ఆద్యురాలైన మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసింది. ఆ గ్రంథం 1898లో అచ్చయింది. మరుసటి ఏడాది మాదిగల జీవితం మీద ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకం ప్రచురించింది. ‘చెప్పులు కుట్టుకుంటూ’ అని దానికి తెలుగు చెప్పుకోవచ్చు. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమెకు తమ్ముడు.

ఇంత చరిత్ర ఉన్న రచయిత్రికి 1914 పుస్తకం ముఖపత్రం మీద దక్కిన స్థానం గమనించదగినది. కర్త జాన్ క్లౌ. ఆయన కోసం రాసిపెట్టినది ఆయన భార్య. స్త్రీల హక్కుల మీద పట్టా పొందిన పండితురాలు ఈ పుస్తకంలో లేఖికగా నిలబడింది. దీన్ని ఆ కాలపు భార్యాధర్మంగా కొట్టివేయవచ్చు. కానీ అలా కొట్టివేస్తే అసలు ప్రశ్న మిగిలిపోతుంది: ఈ ‘నేను’లో ఎవరెంత?

దీనికి ఒక కొలబద్ద ఉంది. ఎమ్మా తెలుగు నేల మీద అడుగుపెట్టిన 1882. అంతకు ముందు జరిగినవన్నీ ఆమె విన్నవి. ఒంగోలు రావడం, తొలి సంఘం, 1876–78 నాటి కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం, గుండ్లకమ్మ బాప్తిస్మాలు, అన్నీ ఈ భాగంలోవే. ఆ తరవాతివి ఆమె చూసినవి, లేదా చూసినవారి మధ్య ఉండి తెలుసుకున్నవి. పుస్తకానికి వెన్నెముక లాంటి ఘట్టాలన్నీ విన్న భాగంలోనే ఉన్నాయి. అంటే పాఠకుడు ప్రత్యక్ష సాక్ష్యమనుకుని చదివే పుటలు, ముప్పై ఏళ్ళకు పైబడిన జ్ఞాపకం ఇంకొకరి చెవి గుండా వచ్చి వాక్యంగా మారినవి. వాటిని నమ్మకూడదని దీని అర్థం కాదు. నివేదికను చదివినట్టు చదవకూడదని మాత్రమే.

ఇదే కొలబద్ద ఇంకొక చిక్కును కూడా చూపిస్తుంది. 1866 నుంచి ఆ ఇంటిని నడిపిన స్త్రీ హారియట్. ఆ సంసారం కథను మొదటి భార్య తరవాత వచ్చిన భార్య, భర్త గొంతుతో, ఉత్తమ పురుషలో రాయవలసి వచ్చింది. ఆత్మకథల చరిత్రలో ఇంత సున్నితమైన ఏర్పాటు అరుదు. భర్తకు ‘నేను’ ఉంది, ముఖపత్రం మీద ఎమ్మాకు పేరు ఉంది. తొలి ఇరవై ఏడేళ్ళ కాపురాన్ని మోసిన హారియట్‌కు తనదైన వాక్యం లేదు. ఆమె రోజు ఎలా గడిచిందో తెలుసుకోవాలంటే భర్త పనుల మధ్య ఖాళీల్లో వెతకాలి.

బంగళా వరండా

ఆ ఖాళీల్లో కనిపించే ఇల్లు నేటి అర్థంలో ఇల్లు కాదు. మిషను బంగళా వరండా సగం కచేరీ, సగం సత్రం. పల్లెల నుంచి వచ్చినవారు అక్కడే కూర్చుని ఎదురుచూసేవారు. రైతు కొట్టాడనో, కరణం బెదిరించాడనో, ఊరిబావి దగ్గరికి రానివ్వడం లేదనో ఫిర్యాదులు. పెళ్ళి తగవులు, అప్పులు, జ్వరాలు, బడికి పంతులు కావాలన్న అర్జీలు. మూడు నెలలకొకసారి పల్లెల్లో పనిచేసే బోధకులందరూ ఒంగోలుకు వచ్చేవారు. వారి జీతాల పంపకం, ఊరూరి సమాచారం చెప్పడం, కొత్తవారిని పరీక్షించడం, ప్రార్థనలు, అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే. మిషను సంవత్సరం నిజానికి ఈ త్రైమాసిక సభల లెక్కన తిరిగింది. వానలు తగ్గి చలికాలం రాగానే ఎద్దుబండ్ల మీద డేరాలు వేసుకుని పల్లెల మీదికి పోవడం, ఎండలు ముదిరి వడగాలి మొదలయ్యేసరికి బంగళా చేరుకోవడం ఆ సంవత్సరానికి రెండో కొలత.

ఆ కాలపు మిషను కాపురాల్లో పని విభజన దాదాపు ఒకే తీరుగా ఉండేది. భర్త డేరాలో, భార్య బంగళాలో. బడి, ఆడపిల్లల వసతి, స్త్రీల సమావేశాలు, లెక్కల పుస్తకం, వచ్చేపోయే అతిథులు ఆమె పాలు. పిల్లలకు చదువు వయసు రాగానే స్వదేశానికి పంపడం మామూలు. చాలా జంటలకు ఇదే పెద్ద కోత. తల్లి పిల్లలతో వెళ్తే భర్త ఒంటరి, ఉండిపోతే పిల్లలు ఉత్తరాల్లో పెరిగేవారు. ఈ బాధ గురించి మిషనరీ పుస్తకాలు పొదుపుగా మాట్లాడతాయి. త్యాగం అనే ఒక్క మాట కింద దాన్ని సర్దేస్తాయి. క్లౌ పుస్తకం కూడా ఇక్కడ మిగతావాటి దారిలోనే నడుస్తుంది.

అంతకన్నా పెద్ద మౌనం ఇంకొకటుంది. ఆ ఇంటిని నిజంగా నడిపిన చేతులు తెలుగువారివి. వంటవాడు, నీళ్ళు మోసే మనిషి, పంఖా లాగే కుర్రవాడు, పిల్లలను ఎత్తుకునే ఆయా, బండి తోలేవాడు, తెలుగు నేర్పే మున్షీ. ఆ నాటి దొరల ఇళ్ళలో ఇది సాధారణ ఏర్పాటు. బోధకుల పేర్లను, వారి ఊళ్ళను, వారి ఆత్మిక ప్రయాణాలను శ్రద్ధగా నమోదు చేసిన ఈ పుస్తకంలో వంటింటి వైపు మనుషులకు చోటు తక్కువ. సువార్త విన్నవారికి చరిత్ర దక్కింది, అన్నం వండినవారికి దక్కలేదు. సామాజికం అనే మాటను శీర్షికలోనే పెట్టుకున్న పుస్తకానికి ఇది చిన్న లోటు కాదు.

ఆదివారం, చచ్చిన గొడ్డు, తప్పెట

అయినా మామూలు రోజు విలువ తెలిసిన పుస్తకం ఇది. దానికి నిదర్శనం కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన మూడు నియమాల ప్రస్తావన. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వేదాంత చర్చలతో పోలిస్తే ఇవి చాలా మామూలు షరతుల్లా కనిపిస్తాయి. నాటి పల్లె కట్టుబాటులో పెట్టి చూస్తే వాటి బరువు తెలుస్తుంది.

మాదిగ కుటుంబానికి ఊళ్ళో ఒకరిద్దరు రైతులతో వంశపారంపర్య బంధం ఉండేది. చెప్పులు, బండి పట్టెళ్ళు, నీళ్ళు తోడే తోలు బొక్కెనలు చేసివ్వాలి, కోతలప్పుడు చాకిరీ చేయాలి. బదులుగా కళ్ళం దగ్గర మేర కొలిచి ఇచ్చేవారు. చచ్చిన పశువు తోలు, మాంసం వారికే. ఈ లెక్కలో వారంలో ఒక రోజు సెలవు అనే మాటకే చోటు లేదు. కోత రోజుల్లో ఆదివారం పనికి రానని చెప్పడమంటే మేర పోగొట్టుకునేందుకు సిద్ధపడటం. గొడ్డు మాంసం వద్దనడమంటే కరువు దినాల్లో దొరికే తిండిని వదులుకోవడం. విగ్రహానికి మొక్కనంటే ఊరి జాతరలో తప్పెట కొట్టననడం. జాతర ఆగిపోతే ఊరంతటికీ కోపం. బావి మూసేయడం, పనికి పిలవకపోవడం, దెబ్బలు వరసగా వచ్చేవి. బంగళా వరండా మీదికి వచ్చిన ఫిర్యాదులు ఇక్కడి నుంచి పుట్టినవే.

పల్లెల్లో మతం మారడమంటే అన్నిటికన్నా ముందు దినచర్య మారడం. నదీతీరంలో జరిగిన పెద్ద సభ కన్నా ఆదివారం పొద్దున పొలానికి వెళ్ళకుండా ఇంటి ముందు కూర్చున్న మనిషి దగ్గర చరిత్ర ఎక్కువ ఉంది. క్లౌ దంపతుల పుస్తకం ఈ విషయాన్ని పట్టుకుంది. ఆ సంగతి తెలిసినవారిలో ఒకరు జీవితమంతా ఆ వరండా మీద ఫిర్యాదులు విన్నవాడు, మరొకరు ఆ మనుషుల కథలు సేకరించినది. ఇద్దరి అనుభవం కలిసిన చోట పుస్తకం బలంగా ఉంది.

కరువు అధ్యాయాలు అంత నిశ్చింతగా లేవు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. పాత సర్వేయరు అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. అన్నం కోసం మతం మారారన్న నింద రాకుండా ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినవి మళ్ళీ మొదలైనప్పుడే ఆ 2,222 అంకె వచ్చింది. ఈ ఘట్టం చెప్పేటప్పుడు పుస్తకం గొంతు మారుతుంది. అప్పటికే వచ్చిన విమర్శలకు సమాధానం చెబుతున్న ధ్వని వినిపిస్తుంది. ఆకలి వల్ల వచ్చారా, విశ్వాసం వల్ల వచ్చారా అన్న ప్రశ్నను పుస్తకం ఆ విమర్శకులు వేసిన రూపంలోనే అంగీకరించి, రెండోదాని వైపు వాదించింది. మాదిగల వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్నే సరైనది కాదేమో. తమను మనుషులుగా పేరుపెట్టి పిలిచి, చేసిన పనికి కూలి చేతికిచ్చే చోటు ఒకటి కనబడినప్పుడు, అందులో అన్నమెంత విశ్వాసమెంత అని విడదీసి తూచే అవసరం వచ్చినవారికి కాదు, చూస్తున్నవారికే కలిగింది.

చెప్పులు కుట్టుకుంటూ

ఎమ్మా పాత్రను అర్థం చేసుకోవడానికి 1899 నాటి పుస్తకం తాళంచెవి. అందులో ఉన్నది చాలావరకు తొలితరం మాదిగ క్రైస్తవులు చెప్పిన మౌఖిక చరిత్ర. ఎర్రగుంట్ల పేరయ్య కథ అందులో ముఖ్యమైనది. ఆయన ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరపు పల్లెకు చెందినవాడు. యోగం చెప్పే గురువుల వెంట తిరిగాడు. తరవాత ఏలూరులో ఒక ఇంగ్లీషు మిషనరీ మాటలు విని, ఆయన సలహా మీద ఒంగోలు దారి పట్టాడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో మిషను వేళ్ళూనుకోవడానికి ఆయన తిరిగిన పల్లెలే ఆధారం. దొర రాకముందే ఆయనకొక అన్వేషణ ఉందని, వీరబ్రహ్మం బోధల వంటి దేశీయ సంప్రదాయాలు ఆ నేలను ముందే దున్నాయని ఎమ్మా గుర్తించింది. అరుంధతి మాదిగల ఆడపడుచన్న కథను, మాతంగి ఆచారాన్ని నమోదు చేసింది. తరవాత దక్షిణ భారత కులాల మీద సంపుటాలు వెలువరించిన థర్‌స్టన్ మాదిగల గురించి రాస్తూ ఆమె పుస్తకాన్ని ఆధారంగా తీసుకున్నాడు.

శీర్షికలోనే ఆమె పద్ధతి ఉంది. తంగేడు చెక్కతో పదునుపెట్టిన తోలు ఒళ్ళో పెట్టుకుని, ఆరెతో పొడుస్తూ కుడుతూ మాట్లాడే మనిషి కథ చెప్పడానికి ప్రత్యేకంగా తీరిక చేసుకోడు. పనీ మాటా కలిసి సాగుతాయి. అలాంటి మాటను వినడానికి ఓపిక కావాలి. ఆ ఓపికనే ఎమ్మా తరవాతి కాలంలో తన ఇంట్లో వాడుకుంది. ఊళ్ళు తిరిగిన భర్త ముసలివాడయ్యాడు, అతనికి మిగిలిన పని జ్ఞాపకం. పెద్దవయసు మిషనరీ దంపతుల చివరి దినచర్య ఏమిటన్న ప్రశ్నకు ఈ పుస్తకమే జవాబు: ఒకరు చెప్పడం, ఒకరు రాయడం. మాదిగ పెద్దల దగ్గర నేర్చుకున్న వినికిడి భర్త జీవితచరిత్రకు ఉపకరణమైంది. 1914 పుస్తకం ఆత్మకథ వేషంలో ఉన్న మౌఖిక చరిత్ర.

ఇక్కడే రెండు పుస్తకాల ముఖపత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మాదిగ పెద్దలు చెప్పారు, ఎమ్మా రాసింది. కర్తగా ఎమ్మా పేరు పడింది. భర్త చెప్పాడు, ఎమ్మా రాసింది. కర్తగా భర్త పేరు పడింది. జరిగిన పని రెండు చోట్లా ఒకటే. పేరు మాత్రం రెండుసార్లూ అధికారం ఉన్న వైపే వెళ్ళింది. ఒకచోట ఆమె లాభపడింది, మరొకచోట నష్టపోయింది. ఆమె ఉద్దేశాలను శంకించనక్కరలేదు. కర్తృత్వం అనేది రాసిన చేతిని బట్టి కాక, చెప్పేవారికీ రాసేవారికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలను బట్టి నిర్ణయమవుతుందని ఈ రెండు పుటలు చూపిస్తాయి.

1914 నాటి కళ్ళజోడు

పుస్తకం మీద ఇంకొక ఆక్షేపణ చేయక తప్పదు. దాని శీర్షికలోని మాటలు 1866 నాటివి కావు. పరిశ్రమలు, కార్మికుల దుస్థితి చూసి అమెరికన్ క్రైస్తవంలో తలెత్తిన సామాజిక సువార్త ఉద్యమానికి వాల్టర్ రౌషెన్‌బుష్ 1907లో రాసిన ‘క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్’ పెద్ద ఊపునిచ్చింది. అక్క రాసిన పుస్తకం తమ్ముడి ఉద్యమ పరిభాషను తెచ్చుకుంది. మాదిగలు కుటుంబాలుగా, పల్లెలుగా కదిలారని, వారి పెద్దరికాలను, గ్రామకట్టును క్లౌ చెదరగొట్టకుండా వాడుకున్నాడని పుస్తకం చేసే వాదం నిజానికి దూరం కాదు. అయితే ఒంగోలులో రోజువారీ చిక్కులకు అప్పటికప్పుడు తోచిన పరిష్కారాలు ఈ పరిభాష వల్ల ముందే ఆలోచించుకున్న సిద్ధాంతంలా కనిపిస్తాయి. తడబాట్లు తగ్గుతాయి. వృద్ధుడి జ్ఞాపకానికి సహజంగా ఉండే చదును, రాసేవారి సిద్ధాంతం వల్ల ఇంకా నున్నబడింది. వరండా మీది గందరగోళం మళ్ళీ వినపడాలంటే ఈ నునుపును కొంత గీకి చూడాలి.

తెలుగులోకి తిరుగు ప్రయాణం

ఈ పుస్తకాల్లో మాట్లాడినవారిలో ఎక్కువమంది తెలుగులోనే మాట్లాడారు. మిగిలింది ఇంగ్లీషు. పేరయ్య తన గురువును ఏ మాటతో పిలిచాడు, ఆదివారం పనికి రానన్నప్పుడు రైతుతో ఏ వాక్యం అన్నాడు, అతని భార్య దాన్ని ఏమని తప్పుపట్టింది లేదా మెచ్చుకుంది, ఇవి ఇంగ్లీషు వాక్యంలో కరిగిపోయాయి. తెలుగు నవల అస్పృశ్యుల జీవితాన్ని గట్టిగా పట్టుకున్నది ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’తో, 1922లో. దానికి 23 ఏళ్ళ ముందే మాదిగ పెద్దల జీవితకథలు అచ్చులో ఉన్నాయి, పరాయి భాషలో. పల్నాటి ప్రాంతం నుంచి జాషువా వంటి కవి వచ్చేనాటికి ఆ పల్లెల్లో రెండు మూడు తరాల జ్ఞాపకం పోగుపడి ఉంది. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ పుస్తకాలను మతసాహిత్యంగా పక్కన పెట్టడం వల్ల ఆ జ్ఞాపకానికీ తరవాతి దళిత సాహిత్యానికీ మధ్య వంతెన కట్టే పని జరగలేదు. జరగాల్సింది మాటకు మాట అనువాదం కాదు. ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతాల మాదిగ పలుకుబడి, తోలు పని పదజాలం, డక్కలివారు చెప్పే జాంబపురాణం తెలిసినవారు ఈ ఇంగ్లీషు వాక్యాల కింద ఉన్న తెలుగును ఊహించి, పరీక్షించి, వెలికితీయాలి.

ఈ ప్రశ్న నేడు విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకూ దూరం కాదు. పెద్దవయసులో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు తమ ఊరి సంగతులు తెలుగులో చెబుతారు. మనవలు వాటిని ఇంగ్లీషులో రాసుకుంటారు, లేదా ఫోనులో దాచుకుంటారు. అక్కడా చెప్పేవారొకరు, రాసేవారొకరు, వంటింట్లో పనిచేస్తూ మధ్యలో ఒక మాట సరిదిద్దే మనిషి ఇంకొకరు. పుస్తకమో, వీడియోనో తయారయ్యాక ముఖపత్రం మీద ఎవరి పేరు ఉండాలన్నది అప్పుడూ తేలాల్సిందే. ఎమ్మా పరిష్కారం సగమే న్యాయమైనది. భర్త పేరు కింద తన పేరు పెట్టుకోగలిగింది. తన పేరు కింద పేరయ్యల పేర్లు ముఖపత్రం మీదికి తేలేకపోయింది. ఆ మిగిలిన సగాన్ని పూర్తిచేసే అవకాశం తెలుగు పాఠకుల చేతిలో ఇంకా ఉంది.